ఒకటో నంబరు: శబ్దం ఎక్కువ, పని తక్కువ

మా కంపెనీలో ట్రైనీ ఇంజినీరుగా చేరినవాళ్లకు మొదటి రిపోర్టే అసలు పరీక్ష. పంపిన చోటికి వెళ్లి, అక్కడి సామాన్లు పరీక్షించి, రిపోర్టు రాసి, ఆ భవనం అధికారి చేత సంతకం పెట్టించుకుని వారంలోగా తెచ్చి ఇవ్వాలి. సంతకం ఉంటే ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే మా పెద్ద ఇంజినీరుగారు "వెళ్లి రామ్మా" అంటారు. అందులో "రా" అన్నది మర్యాదకే.

మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లలో నేనే మొదటిదాన్ని. నేను ఉద్యోగంలో చేరిన రోజునే మా అమ్మ అది పర్మనెంటని కుడిపక్క పదిళ్లకూ ఎడమపక్క పదిళ్లకూ చెప్పేసింది. ఇంకా కాలేదమ్మా అంటే, అవుతుంది కదా, అయ్యాక మళ్లీ తిరిగే ఓపిక నాకు లేదు అంది. కాబట్టి ఆ సంతకం నాకు ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

నాకు ఇచ్చిన భవనం, ఉద్యోగాలు చేసి రిటైరైన ఆడవాళ్లు ఉండే వసతిగృహం. మూడంతస్తులు, ఇరవై నాలుగు గదులు, గదికి ఒకరు. మాది చలి ఎక్కువ ఊరు కాబట్టి కింద నేలమాళిగలో బాయిలర్. అక్కణ్ణుంచి ఆవిరి పైపుల్లోంచి పైకి వెళ్లి, ప్రతి గదిలో కిటికీ కింద ఉన్న ఇనప రేడియేటర్‌లోకి చేరి గదిని వెచ్చబెడుతుంది. వేడి ఇచ్చేశాక ఆవిరి కాస్తా నీళ్లైపోతుంది. ఆ నీళ్లు బయటికి పోవాలి, ఆవిరి మాత్రం పోకూడదు. ఈ పని చూసుకునేది రేడియేటర్ కాళ్ల దగ్గర పిడికిలంత ఉండే ఒక ఇత్తడి సామాను. దాన్ని స్టీమ్ ట్రాప్ అంటారు. దాని గురించి నేను పరీక్షలో రెండు పేజీలు రాశాను. మా నాన్న ఒక్క ముక్కలో తేలుస్తాడు: నీళ్లొస్తే తలుపు తీయాలి, ఆవిరొస్తే తలుపు వేయాలి, అంతే దాని ఉద్యోగం. తీసి మరిచిపోయిందా, ఆవిరంతా వృథా. వేసి మరిచిపోయిందా, నీళ్లు నిలిచి గది చల్లబడుతుంది.

నాన్నది కూడా అదే కంపెనీ, ఫిట్టరు. మిగతా ఫిట్టర్లు వేరే పనుల మీద ఉండటంతో నాకు తోడుగా ఆయన్నే పంపారు. మొదటిరోజు బస్సులోనే నాన్న ఒక నియమం పెట్టాడు. గేటు దాటాక నేను ఇంజినీరు, ఆయన ఫిట్టరు. ఆయన నన్ను మేడమ్ అంటాడు, నేను ఆయన్ని నాన్నా అనకూడదు. మరి ఏమనాలి అని అడిగాను. రెండు స్టాపులు దాటేదాకా ఆలోచించి, ఏమీ అనొద్దు, దగ్గు అన్నాడు. అలా రెండు రోజులు మా నాన్నను దగ్గుతూ పిలిచాను. పదహారో గది ఆవిడ జాలిపడి నాకు దగ్గుమందు సీసా ఇచ్చారు. ఇచ్చి ఊరుకోకుండా ఎదురుగా నిలబడి రెండు చెంచాలు తాగించారు కూడా.

పరీక్ష అంటే ప్రధానంగా వినడమే. కంపెనీ నాకు కొత్త వినికిడి యంత్రం ఇచ్చింది. చెవులకు తొడుగులు, చేతిలో పిస్తోలు లాంటి గొట్టం, దాని మీద అంకెలు. నాన్న దగ్గర మూరెడు పొడుగు స్క్రూడ్రైవర్ ఉంది. దాని మొన ట్రాప్ మీద ఆనించి, పిడి చెవి ముందు ఎముకకు ఆనించుకుంటాడు. లోపల ఏం జరుగుతోందో అంతా వినిపిస్తుంది. యంత్రం చెప్పిందీ స్క్రూడ్రైవర్ చెప్పిందీ ఒక్కసారి కూడా తేడా రాలేదు. కాకపోతే యంత్రం అంకెలు చెబుతుంది, నాన్న మాటలు చెబుతాడు. ఇది బుసలు కొడుతోంది. ఇది గురక పెడుతోంది. ఇది పోయింది. నా చిన్నప్పుడు అన్నం దగ్గర రోజూ ఈ మాటలే. అయిదో తరగతి దాకా నాన్న పశువుల ఆసుపత్రిలో పనిచేస్తాడనే అనుకున్నాను.

గందరగోళం ఉండకూడదని ట్రాపులకు గది నంబర్లే ఇచ్చాం. ఏడో గదిలోది ఏడు, తొమ్మిదో గదిలోది తొమ్మిది. కింది అంతస్తులో వార్డెన్ గారి గదిది ఒకటి. నాన్న పసుపు రంగు డబ్బా పట్టుకుని ఒక్కోదాని మీద కుదురుగా అంకె వేశాడు. ఏడో గది ఆవిడ మేమున్నంతసేపూ మాట్లాడుతూనే ఉన్నారు. కాస్త ఆగండమ్మా, విననివ్వండి అని నాన్న బతిమాలితే, వినండి, నేను చెప్పేది కూడా వినదగ్గదే అన్నారు.

మొదటిరోజే వార్డెన్ గారు నాకు ఒక మాట చెప్పారు. కిందటిసారి వచ్చినవాళ్లు రిపోర్టు ఇంగ్లీషులో, అదీ పొడి అక్షరాల్లో రాసి పోయారట. ఎవరికీ ముక్క అర్థం కాలేదట. ఈసారి చక్కటి తెలుగులో, మామూలు మనిషికి అర్థమయ్యేలా రాయాలి. ఒక ప్రతి తన బల్ల మీద, ఇంకో ప్రతి భోజనాల హాల్లో నోటీసు బోర్డు మీద. ఉండేవాళ్లకు వాళ్ల గది సంగతి తెలియాలి కదా అన్నారు. ఎంత మంచి అధికారి అనుకున్నాను.

గురువారం సాయంత్రం ఇంట్లో కూర్చుని రాశాను. మొత్తం ఇరవై నాలుగింటిలో తొమ్మిది పాడయ్యాయి. రాసినది చదువుకుంటే ప్రతి వాక్యంలోనూ ట్రాప్, ట్రాప్, ట్రాప్. లెక్కపెడితే యాభై ఒకటి. ఒకే మాట పదే పదే వాడితే చదివేవాడి నెత్తిన సుత్తితో కొట్టినట్టుంటుందని కాలేజీలో మా మాస్టారు చెప్పేవారు. నేను ఆయన మాట ఎప్పుడూ జవదాటలేదు. కాబట్టి సాఫుకాపీలో ట్రాప్ అన్న మాట ఎక్కడికక్కడ తీసేశాను. పైన "ఆవిరి ట్రాపుల పరీక్ష" అని ఉన్నదాన్ని కూడా "గదులవారీ పరిశీలన" అని మార్చాను. నాన్న చదివి, బాగానే ఉంది గానీ దేని గురించో రాయలేదే అన్నాడు. రెండు రోజులు స్క్రూడ్రైవర్ పట్టుకుని గదిగదికీ తిరిగాం, దేని గురించో వాళ్లకు తెలియదా అన్నాను. చదువుకున్నదానివి, నీకు తెలియకపోతుందా అని పడుకున్నాడు.

శుక్రవారం ఉదయం ఒక ప్రతి వార్డెన్ గారి బల్ల మీద పెట్టి, రెండోది బోర్డు మీద నాలుగు మూలలా పిన్నులు గుచ్చి తగిలించి, బాయిలర్ దగ్గరికి దిగిపోయాను. బోర్డు మీద ఉన్న వాక్యాలు కొన్ని ఇవి:

1: శబ్దం ఎక్కువ, పని తక్కువ. ఆగకుండా వదులుతూనే ఉంది. పైవాళ్లకు చెప్పి వెంటనే మార్చాలి.
4: చాలా బాగుంది. ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.
7: నోరు మూతపడదు. పగలూ రాత్రీ బుసలే.
9: పైకి మెరుస్తోంది, లోపలంతా తుప్పు.
11: చల్లబడిపోయింది. చెవి పెట్టి విన్నాం, చప్పుడు లేదు. రెండుసార్లు కొట్టి చూశాం, కదల్లేదు. తీసేయాలి.
16: గురక ఉంది గానీ ప్రమాదం లేదు. ఇంకో ఏడాది లాగుతుంది.
20: ఈ రకం ఇప్పుడు ఎక్కడా దొరకదు. దొరికినా పెట్టుకోకూడదు.
23: 22తో కలపడం వల్లే పాడైంది. విడదీయాలి.

ఒక గంట గడిచింది. వంటావిడ మెట్లు సగం దిగి, రెయిలింగు పట్టుకుని వంగి చూశారు.

"మేడమ్, మీరు పైకి రాకండి," అన్నారు. కాసేపు ఆలోచించి, "వస్తే మాత్రం ఆ స్క్రూడ్రైవర్ చేతిలో ఉంచుకోండి," అన్నారు.

ఏమైందని అడిగితే మెట్టు మీద కూర్చుని చెప్పుకొచ్చారు. ఆదివారమే జుట్టుకు రంగు వేయించుకున్న తొమ్మిదో గది ఆవిడ బోర్డు చదివినప్పటినుంచీ తలుపు తీయడం లేదు. నాలుగో గది ఆవిడ మాత్రం బల్లబల్ల దగ్గరికీ వెళ్లి, ముట్టుకుని చూడండి, కాగితంలో రాశారు అని చెయ్యి చాపుతున్నారు. ఇరవయ్యో గది ఆవిడ మొదటి వాక్యం చదివి మురిసిపోయి, రెండో వాక్యం చదివి కుర్చీ లాగి కూలబడ్డారు. ఇరవై రెండు, ఇరవై మూడు గదుల ఆవిడలు ఎనిమిదేళ్లుగా ఒకే బల్ల దగ్గర తింటారు. ఈవేళ ఒకరు ఈ గోడకు, ఒకరు ఆ గోడకు ముఖం పెట్టి కూర్చున్నారు. నా వల్ల పాడైందట, నేనేం చేశానే అని ఒకరు. అందరికీ తెలిసిందే రాశారు అని ఇంకొకరు. ఏడో గది ఆవిడ చదివిన దగ్గర్నుంచి నోరు విప్పలేదు. అన్నిటికంటే దానికే జనం భయపడుతున్నారు.

పదకొండో గది సంగతి ఇంకా ఘోరం. అందులో ఉండేది రిటైరైన తెలుగు టీచరుగారు. పదహారో గది ఆవిడ, అదే నాకు దగ్గుమందు పట్టించినావిడ, బోర్డు చదివి గుండె బాదుకుని, వెనక్కి తిరిగైనా చూడకుండా టీచరుగారి మేనల్లుడికి ఫోన్ చేశారు. మీ అత్తయ్య చల్లబడిపోయింది నాయనా, చెవి పెట్టి విన్నారట, కొట్టి కూడా చూశారట అని బోర్డు మీదున్నది ఉన్నట్టు చదివి వినిపించారు. అతను అరగంటలో ఒక అట్టపెట్టె పట్టుకుని దిగాడు. టీచరుగారి రేడియో మీద అతనికి ఎప్పటినుంచో కన్ను. మెట్ల మీద చేతిలో టీ గ్లాసుతో టీచరుగారే ఎదురయ్యారు. ఆ పెట్టె ఎందుకురా అని అడిగారు. మీకోసమే అత్తయ్యా అన్నాడట.

అంతలో వార్డెన్ గారు పిలుస్తున్నారని కబురొచ్చింది. వెళ్లాను. రిపోర్టు ఆవిడ ముందు బల్ల మీద ఉంది. సంతకం చోటు ఖాళీగా ఉంది. కలం మూత కూడా తీయలేదు.

"‘శబ్దం ఎక్కువ, పని తక్కువ.’ ఇది రాసింది నువ్వేనా?"

"నేనేనండి. కానీ అది..."

"‘ఆగకుండా వదులుతూనే ఉంది.’"

నేను వేలితో రేడియేటర్ చూపించబోయాను.

"‘పైవాళ్లకు చెప్పి వెంటనే మార్చాలి.’ ఏ పైవాళ్లమ్మా? ఎవరితో మాట్లాడావు?"

"అది మీ గురించి కాదండి. ట్రాప్ అండి."

"ట్రాపే. నాకూ అర్థమైంది," అన్నారు ఆవిడ. "ఎవరు పన్నారో చెప్పు చాలు."

రేడియేటర్ చూపించాను, పసుపు అంకె చూపించాను, కాలేజీ మాస్టారి సంగతి, సుత్తి సంగతి, యాభై ఒకటి సంగతి అన్నీ చెప్పాను. చివరికి నమ్మినట్టే కనిపించారు. కానీ నమ్మితే మాత్రం ఏం లాభం అన్నారు. ఇరవై ముగ్గురు చదివేశారు. పదకొండేళ్లుగా వార్డెన్‌గా ఉన్నాను, ఈవేళ నేను హాల్లోకి అడుగుపెడితే ఇరవయ్యో గది ఆవిడ చెంచా కింద పడేసి, దాన్ని తీసుకునే నెపంతో బల్ల కింద దూరి నవ్వింది అన్నారు. ఆ తర్వాత కుర్చీ ముందుకు లాక్కుని అసలు మాట చెప్పారు. ఒకటో నంబరు బాగుంది అని ఒక్క ముక్క రాసి బోర్డు మీద పెడితే సంతకం ఆ క్షణమే. లేదంటే ఆ కాగితం అలాగే తీసుకుపోవచ్చు.

మర్నాడు శనివారం, నాకు ఇచ్చిన వారంలో ఆఖరి రోజు.

కిందికి దిగి నాన్నకు చెప్పాను. చెబుతూనే మనసులో లెక్క వేసుకుంటున్నాను. ఒకటో నంబరు ట్రాప్ తలుపు తీసి మరిచిపోయిన రకం. దానివల్ల ఎవరి గదీ చల్లబడదు, ఆవిరి వృథా అంతే. రెండే మాటలు, "బాగుంది" ఒకటి, ముందు అంకె ఒకటి. అంకెను మాట కింద లెక్కపెట్టకపోతే ఒక్కటే మాట. అమ్మ కుడిపక్క పదిళ్లకూ ఎడమపక్క పదిళ్లకూ తిరిగి, లేదర్రా, పోయింది అని చెప్పాల్సి రావడం కళ్ల ముందు కనిపించింది. ఏది పోయిందని వాళ్లు అడుగుతారు.

నాన్న పైపు బిగిస్తూనే విన్నాడు. రాయమనలేదు, వద్దనలేదు.

"రాస్తే బాగవుతుందంటే చెప్పు," అన్నాడు. "మిగతా ఎనిమిదీ కూడా రాసేద్దాం. పానా పని తప్పుతుంది."

"నాన్నా," అన్నాను. దగ్గాలన్న సంగతి మరిచిపోయాను. ఆయనా గుర్తుచేయలేదు.

బాగుందని రాయలేను. అలా అని కాగితం ఊరికే తీసుకుపోనూ లేను. కనీసం ఆ ఇరవై ముగ్గురి నవ్వైనా ఆపితే వార్డెన్ గారి మనసు మారుతుందేమోననిపించింది. మధ్యాహ్నం టీ వేళకు అందరూ హాల్లో ఉన్నప్పుడు వెళ్లి, తప్పు నాదేనని చెప్పి క్షమాపణ అడిగాను. అప్పటికే టీచరుగారు బోర్డు మీది కాగితం ఊడదీసి, ముందేసుకుని, ఎర్ర సిరాతో దిద్దుతున్నారు. పక్కన మేనల్లుడు ఖాళీ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇలా రా," అన్నారు టీచరుగారు. "ఈ వాక్యంలో కర్త ఏది?"

చూశాను. లేదు.

"దీంట్లో?"

అందులోనూ లేదు.

"కర్తను నువ్వు ఎగ్గొట్టావు. కర్మ మా నెత్తిన పడింది. ఇక క్రియ ఒక్కటే తక్కువ, అది కూడా చేద్దామని వీడు పెట్టెతో సహా వచ్చాడు."

హాలంతా నవ్వింది. మేనల్లుడు పెట్టె బల్ల కిందికి తోశాడు. టీచరుగారు నవ్వలేదు. మన భాషలో ఆడమనిషికీ వస్తువుకీ క్రియ ఒక్కటేనని, వచ్చింది అంటే వదిన కావచ్చు, వాన కావచ్చునని, అందుకే కర్తను మింగేయకూడదని నాకు మొదటినుంచీ పాఠం చెప్పారు. నేను నిలబడి నోట్సు రాసుకున్నాను. పొద్దున్నుంచీ మాట్లాడని ఏడో గది ఆవిడకు అక్కడ నోరొచ్చింది. అదే మగవాళ్ల హాస్టలైతే ఈ బాధే లేదు, వాళ్లకు వేరే "డు" ఉంది, మనకూ ఇత్తడి ముక్కకూ కలిపి ఒక్క "ది" పడేశారు, ఎవరిని అడగాలి అని మొదలుపెట్టారు. ఆవిడ గొంతు వినగానే అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి.

"ఇప్పుడు చెప్పు," అన్నారు టీచరుగారు. "చల్లబడింది నేనా, అదా?"

"అదేనండి. మీ గదిలో ట్రాప్ మూసుకుపోయింది. రేడియేటర్ నిండా నీళ్లే."

టీచరుగారు ఎర్ర సిరా కలం కింద పెట్టారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. రెండు శీతాకాలాలుగా రెండు స్వెటర్లు వేసుకుని పడుకుంటున్నారట. చలి అని చెప్పినప్పుడల్లా వార్డెన్ గారు, వయసు టీచరుగారూ అనేవారట. వయసే కాబోలని చెప్పడం మానేశారట. కర్తతో సహా రాసి ఇమ్మన్నారు. అక్కడికక్కడే రాశాను: "పదకొండో గదిలోని స్టీమ్ ట్రాప్ చల్లబడిపోయింది. టీచరుగారు చల్లబడలేదు." టీచరుగారు దాన్ని మేనల్లుడి చేత రెండుసార్లు పైకి చదివించారు.

అంతే, రెండో వాక్యం తమకూ కావాలని అందరూ నా చుట్టూ మూగారు. తొమ్మిదో గది ఆవిడ తలుపు తీసుకుని వచ్చి మరీ అడిగారు: ట్రాప్ లోపల తుప్పు ఉంది, ఆ గదిలోని ఆవిడ లోపల తుప్పు లేదు అని రాయాలి. నాకు ప్రాణసంకటమైంది. నేను పరీక్షించని విషయం రిపోర్టులో ఎలా రాస్తాను? అదే చెప్పాను. మరి టీచరుగారిని పరీక్షించావా అని నిలదీశారు. ఆవిడ చల్లబడలేదని చూస్తే తెలుస్తోంది కదండీ అన్నాను. అయితే నన్ను చూస్తే ఏం తెలుస్తోంది అన్నారు. చివరికి టీచరుగారే మధ్యేమార్గం చెప్పారు. ప్రతి ట్రాప్ కింద "గదిలోని ఆవిడను పరీక్షించలేదు" అని రాస్తే నిజమూ చెప్పినట్టు, మర్యాదా నిలిచినట్టు.

అలాగే రాశాను. నాలుగో గది ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు. పాత వాక్యమే ఉంచాలి, కర్త పెడితే ఊరుకోను అన్నారు. ఇరవై రెండు, ఇరవై మూడు గదుల వాళ్లను పక్కపక్కనే నిలబెట్టి, ఒక గది నీళ్లు పైపులో రెండో గది ట్రాప్ మీదికి ఎలా వెనక్కి తంతున్నాయో కాగితం మీద గీసి చూపించాను. ఇరవై మూడో గది ఆవిడ చాలాసేపు చూసి, "నీ నీళ్లే వదినా," అన్నారు. ఇద్దరూ మళ్లీ ఒకే బల్ల దగ్గరికి చేరారు.

మిగిలింది ఒకటో నంబరు. ఆ వాక్యం మీద ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు. పైగా కర్త లేకుండానే అందంగా ఉందని ఇద్దరు ముగ్గురు అన్నారు. కానీ టీచరుగారు న్యాయం తప్పే మనిషి కాదు. దానికీ కర్త పెట్టించారు.

కొత్త ప్రతి తీసుకుని వార్డెన్ గారి గదికి వెళ్లాను. ఆవిడ పైకి చదివారు.

"‘ఒకటో గదిలోని స్టీమ్ ట్రాప్ శబ్దం ఎక్కువ చేస్తోంది, పని తక్కువ చేస్తోంది. వార్డెన్ గారిని పరీక్షించలేదు.’" కాగితం దించారు. "అంటే పరీక్షిస్తే తేలుతుందనా?"

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఏ వాక్యం ఎలా తిప్పినా ఎవరికో ఒకరికి గుచ్చుకుంటోంది. అప్పుడు గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. నాన్న. చేతిలో స్క్రూడ్రైవర్.

"మేడమ్, మనం రాసింది నమ్మమనడం ఎందుకు," అన్నాడు. "వార్డెన్ అమ్మగారినే వినమనండి."

వార్డెన్ గారు మా ఇద్దరినీ ఎగాదిగా చూశారు. ఏమనుకున్నారో, నడుముకున్న తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టి, రేడియేటర్ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. నాన్న స్క్రూడ్రైవర్ మొన ట్రాప్ మీద ఆనించి, పిడి ఆవిడ చెవి దగ్గర పెట్టి చూపించాడు. ఆవిడ కళ్లు మూసుకున్నారు. ఆవిడ అలాగే ఉండిపోయారు. ఒక చెవి అయ్యాక ఇంకో చెవి పెట్టారు.

"ఈ బుస," అన్నారు చివరికి, లేవకుండానే. "ఇది మీకూ వినిపిస్తోందా?"

"వినిపిస్తోందండి."

"ఇద్దరికీ?"

"యంత్రానికి కూడా వినిపించిందండి," అన్నాను. అంకె కూడా చెప్పాను.

ఆవిడ నేల మీదే వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నారు. అప్పుడు చెప్పారు. రెండేళ్లుగా ఆ బుస వింటూనే ఉన్నారట. గదిలో ఎవరూ లేనప్పుడు, పడుకున్నప్పుడు, మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు. తన చెవులే పాడయ్యాయని అనుకున్నారు. ఎవరికీ తెలియకుండా చెవి డాక్టరు దగ్గరికి వెళ్లారు. చుక్కలు వేసుకున్నారు. చెవుల్లో దూది పెట్టుకుంటే తగ్గింది, దూది తీస్తే వచ్చింది, దాంతో ఇంకా భయపడ్డారు. చెవులు పోయిన వార్డెన్‌ను ఎవరు ఉంచుకుంటారు, పైవాళ్లకు తెలిస్తే ఇదే భవనంలో ఏదో ఒక నంబరు గదిలో పెడతారు అని నోరు మూసుకున్నారు. టీచరుగారు చలి అన్నప్పుడల్లా వయసు అన్నది కూడా వేళాకోళానికి కాదట. తన సంగతి అలా ఉంటే ఆవిడదీ అంతేననుకున్నారట.

"అయితే నా చెవులు కాదు," అన్నారు.

"కాదండి. ట్రాప్ అండి."

ఈసారి ఆ మాటకు ఆవిడ కోప్పడలేదు. లేచి, చీర దులుపుకుని, బల్ల దగ్గర కూర్చుని కలం మూత తీశారు. ముందు పదకొండు మార్చండి, ఇవాళే, తర్వాతే నాది అన్నారు. టీచరుగారికి తను స్వయంగా వెళ్లి చెబుతానన్నారు. కాగితం మీద కలం పెట్టబోయి మళ్లీ ఆగారు.

"ఇక్కడ ‘వార్డెన్ గారిని పరీక్షించలేదు’ అని ఉంది. అది ఇప్పుడు అబద్ధం కదా?"

నేను నాన్న వైపు చూశాను. ఆయన చాలా గంభీరంగా ఆలోచించాడు.

"అబద్ధమే మేడమ్," అన్నాడు. "రెండు చెవులూ విడివిడిగా పరీక్షించాం. యంత్రానికి వినిపించిందే అమ్మగారికీ వినిపించింది. తేడా లేదు."

పరీక్షించిన విషయం రాయడానికి నాకేం అభ్యంతరం? ఆ వాక్యం కొట్టేసి, పక్కన కర్తతో సహా రాశాను: "వార్డెన్ గారి చెవులను పరీక్షించాం. రెండూ బాగున్నాయి." ఆవిడ ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివి, దాని కిందే సంతకం పెట్టి, ముద్ర వేసి, తనకు ఇంకో ప్రతి కావాలని అడిగారు. బోర్డు మీద ఆ పేజీ అన్నిటికంటే పైన పెట్టాలన్నారు.

నాన్న ఆ సాయంత్రమే పదకొండో గదిలో కొత్త ట్రాప్ బిగించాడు. టీచరుగారు మొదట ఒక స్వెటర్ తీశారు, పది నిమిషాలాగి రెండోది తీశారు, ఆ తర్వాత కిటికీ తెరవమన్నారు. మేనల్లుడు వెళ్తూ వెళ్తూ రేడియోకేసి ఒకసారి చూసి, ఖాళీ పెట్టె వంటావిడకు ఇచ్చేశాడు.

శనివారం ఉదయం రిపోర్టు పెద్ద ఇంజినీరుగారి బల్ల మీద పెట్టాను. ఆయన ముందు సంతకం చూశారు, తర్వాత ముద్ర చూశారు, తర్వాత మొదటినుంచి చదవడం మొదలుపెట్టారు. రెండో పేజీ దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. చివరిదాకా చదివి తలెత్తారు.

ఇన్ని గదుల్లో ఆవిడలను పరీక్షించలేదని రాశావు, ఎందుకు పరీక్షించలేదు అని అడిగారు.

మనకిచ్చిన పని ట్రాపుల వరకేనండి, మిగతాది కావాలంటే వాళ్లు వేరుగా ఉత్తరం రాయాలి అని చెప్పాను.

ఆయన అదే నిజమన్నట్టు తల ఊపి, సొరుగు తీసి, నా పర్మనెంటు కాగితం బయటికి తీశారు.